ఊరి గొంతుకు ఓనమాలు

ఒక చిన్న పరీక్ష. సెల్‌ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి, మీ పక్కింటావిడను ‘ఈ ఏడు కందులు ఎట్లా ఉన్నాయి?’ అని అడగండి. రెండు నిమిషాలు చాలు. తర్వాత ఇద్దరూ కూర్చుని వినండి. ఆవిడ మాట కన్నా ముందు ఫ్యాన్ చప్పుడు వినిపిస్తుంది. వీధిలో ఆటో, వంటింట్లో కుక్కర్ ఈల, మధ్యమధ్య మీరు అన్న ‘ఊఁ... ఊఁ...’లు అన్నీ వినిపిస్తాయి. ఇంకో సంగతి కూడా బయటపడుతుంది. ఆవిడ ఏదో చెప్పబోతుంటే మీరు తొందరపడి రెండో ప్రశ్న వేసేశారు. ఆ చెప్పబోయిందేమిటో మీకిక తెలియదు!

కమ్యూనిటీ రేడియో శిక్షణలో మొదటి పాఠం దాదాపు ఇలాగే ఉంటుంది. రేడియో అంటే మాట్లాడటం అనుకుని వచ్చినవాళ్లకు ముందు నేర్పేది వినడం.

పదేళ్లు టేపుల్లోనే...

సంగారెడ్డి జిల్లా ఝరాసంగం మండలంలో మాచ్‌నూర్ అనే పల్లె ఉంది. జహీరాబాద్ ప్రాంతం. వాన పడితే పంట, లేకపోతే లేదు. జొన్న, కొర్ర, సామ, కంది... ఒకే చెలకలో పది రకాలు కలిపి వేసుకునే రైతులు. అది మెదక్ జిల్లాగా ఉన్న రోజుల్లో, 2008 అక్టోబరు 15న అక్కడ ఒక రేడియో పలికింది. 90.4 ఎఫ్‌ఎం. పేరు సంగం రేడియో. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డీడీఎస్) మహిళా సంఘాలది. కాలేజీలూ విశ్వవిద్యాలయాలూ కాకుండా ఒక స్వచ్ఛంద సంస్థ ద్వారా పల్లె జనం చేతికి అందిన కమ్యూనిటీ రేడియోల్లో దేశంలో ఇదే మొదటిది. ఆ రోజుకి ఇంకో విశేషం కూడా ఉంది. ఐక్యరాజ్యసమితి గ్రామీణ మహిళా దినోత్సవాన్ని మొట్టమొదటిసారి జరిపిందీ ఆ రోజే.

స్టూడియోలో కూర్చున్నది ఇద్దరు నర్సమ్మలు. ఒకరు ఆల్గోలు నర్సమ్మ, ఇంకొకరిని అందరూ ‘జనరల్’ నర్సమ్మ అంటారు. ఇద్దరూ దళిత కుటుంబాల నుంచి వచ్చినవాళ్లే. ఆ రోజు మైకు ముందు వాళ్లకు చెయ్యి వణకలేదు. ఎందుకంటే ఆ పని వాళ్లకు కొత్త కాదు. అసలు కథ అక్కడే ఉంది.

మాచ్‌నూర్‌లో స్టూడియో 1998లోనే లేచింది. యునెస్కో సాయం చేసింది. గదులున్నాయి, మైకులున్నాయి, రికార్డర్లున్నాయి. లేనిదల్లా ప్రసారానికి అనుమతి! రాదు రాదు అంటూనే పదేళ్లు గడిచాయి. ఈలోపు వాళ్లు ఊరుకోలేదు. విత్తనాల ముచ్చట్లు, మందు చెట్ల సంగతులు, పెద్దవాళ్ల పాటలు, ఆడవాళ్ల కష్టసుఖాలు రికార్డు చేసి, క్యాసెట్లకెక్కించి, రాత్రిపూట సంఘం మీటింగుల్లో టేప్‌రికార్డర్ మధ్యలో పెట్టి వినిపించారు.

అప్పట్లో అది శిక్షలాగే ఉండి ఉంటుంది. కానీ వెనక్కి తిరిగి చూస్తే, పేరున్న రేడియోల్లో పనిచేసేవాళ్లకు కూడా దొరకని చదువు అది. ఆకాశవాణి అనౌన్సరుకు శ్రోత కనబడదు. వీళ్లకు ఎదురుగా చాపమీద కూర్చుని ఉంది. పాట బాగుంటే గొంతు కలుపుతుంది. సంగతి సాగదీస్తే పక్కామెతో ముచ్చట పెడుతుంది. చెప్పింది తప్పయితే ‘మా దగ్గర అట్ల చెయ్యం’ అని మొహం మీదే అంటుంది. మర్నాడు స్టూడియోకి వెళ్లి ఆ టేపును మళ్లీ కత్తిరించుకోవాలి. పదేళ్లు ఇలా జరిగాక ఎవరికైనా చెయ్యి తిరగకుండా ఉంటుందా!

ఈ సంఘాల ఆడవాళ్లు రేడియోతో ఆగలేదు, వీడియో కెమెరా కూడా పట్టారు. అందులో వాళ్లు పెట్టుకున్న పేర్లు ఇప్పటికీ మీడియా పాఠాల్లో వినిపిస్తుంటాయి. మనిషిని పైనుంచి కిందికి చూపిస్తే అది ‘పటేల్ షాట్’. దొర పైనుంచి కిందివాళ్లను చూసినట్టుంటుందని. కళ్లకు కళ్లు సమానంగా పెట్టి తీస్తే ‘సంగం షాట్’. సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు కదా! ఇంగ్లిషు పుస్తకాల్లో ఈ షాట్లకు వేరే పేర్లున్నాయి. అవి బట్టీ పట్టాల్సిన పని వీళ్లకు పడలేదు. డీడీఎస్‌ను నడిపిన పి.వి.సతీష్ అంతకుముందు దూరదర్శన్‌లో ప్రొడ్యూసర్‌గా పనిచేసినవారు. 2023 మార్చిలో కన్నుమూశారు. తనకు వచ్చిన పనిని చదువురానివాళ్ల చేతిలో పెట్టి పక్కకు తప్పుకోవడం అందరికీ చేతనయ్యే విద్య కాదు.

క్రికెట్ మ్యాచ్ ఇచ్చిన వరం

ఇంతకీ అనుమతి ఎందుకు ఆలస్యమైంది? ఆ మాటకొస్తే ఎలా వచ్చింది? నమ్మడం కష్టమేగానీ దాని మూలం ఒక క్రికెట్ తగాదాలో ఉంది.

1993లో హీరో కప్ పోటీల ప్రసార హక్కులు ఎవరికివ్వాలన్న దానిమీద బెంగాల్ క్రికెట్ సంఘానికీ కేంద్ర ప్రసార శాఖకూ పేచీ వచ్చింది. అది సుప్రీంకోర్టుకు చేరింది. 1995 ఫిబ్రవరిలో తీర్పు వెలువడింది. గాలిలో ప్రయాణించే తరంగాలు ప్రజల ఆస్తి, వాటిమీద ఏ ఒక్కరికీ, ప్రభుత్వానికి కూడా, గుత్తాధిపత్యం ఉండరాదన్నది దాని సారాంశం. తీర్పు చెప్పినవారిలో జస్టిస్ పి.బి.సావంత్‌తో పాటు మన తెలుగువారు జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి కూడా ఉన్నారు. పదమూడేళ్ల తర్వాత మాచ్‌నూర్‌లో సంగం రేడియోని ప్రారంభించడానికి వచ్చింది ఆ సావంత్‌గారే. తన తీర్పు ఒక పల్లెలో గొంతు విప్పడం కళ్లారా చూసే అదృష్టం ఎంతమంది న్యాయమూర్తులకు దక్కుతుంది!

తీర్పు వచ్చినంత సులువుగా చట్టాలు కదల్లేదు. 2000 జులైలో హైదరాబాద్‌లోనూ, డీడీఎస్ ఉన్న పస్తాపూర్‌లోనూ యునెస్కో ఒక కార్యశాల పెట్టింది. కమ్యూనిటీ రేడియోకి లైసెన్సులివ్వండని అక్కడ చేసిన ప్రకటన ‘పస్తాపూర్ ఇనీషియేటివ్’ పేరుతో ప్రసిద్ధమైంది. 2002లో కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘాల మహిళలు ‘మన రేడియో’ అని ఒక బుల్లి ట్రాన్స్‌మిటర్‌తో ప్రసారాలు మొదలుపెట్టారు. లైసెన్సు లేదు. 2003లో అధికారులొచ్చి పరికరాలు పట్టుకెళ్లారు. ఆ ఊరివాళ్లు చెప్పుకున్నది తమ ఊరి మంచిచెడ్డలే.

2002 చివర్లో కేంద్రం కాస్త తలుపు తెరిచింది గానీ, విద్యాసంస్థలకు మాత్రమే. అలా వచ్చిన మొదటిది చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయం రేడియో, 2004 ఫిబ్రవరిలో. చివరికి 2006 నవంబరులో కొత్త విధానం ప్రకటించి స్వచ్ఛంద సంస్థలకూ, కృషి విజ్ఞాన కేంద్రాలకూ దారిచ్చారు. దేశం మొత్తం మీద ఇప్పుడు సుమారు 500 కమ్యూనిటీ రేడియోలున్నాయి. ఇన్ని కోట్ల జనానికి ఈ లెక్క ఎక్కువేమీ కాదు.

మైకుకి బెత్తెడు దూరం

సరే, లైసెన్సు వచ్చింది. టవర్ లేచింది. ఇక మాట్లాడేదెవరు?

ఊళ్లోవాళ్లే మాట్లాడాలి. అదే దీని ప్రత్యేకత, అదే చిక్కు కూడా. పట్నం నుంచి నలుగురు తీయని గొంతులవాళ్లను తెచ్చి కూర్చోబెడితే అది కమ్యూనిటీ రేడియో కాదు. విధానం ప్రకారం కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికంగా, స్థానికుల భాగస్వామ్యంతో తయారు కావాలి. కాబట్టి నిన్నటిదాకా నాట్లేసిన అమ్మాయి, ఇంటర్ తప్పి ఊళ్లో తిరుగుతున్న అబ్బాయి, బడి నుంచి రిటైరైన మాస్టారు... వీళ్లే వలంటీర్లు.

శిక్షణలో ముందుగా నేర్పేవి చాలా చిన్న సంగతులు. మైకు నోటికి బెత్తెడు దూరంలో ఉండాలి. మరీ దగ్గరైతే ‘ప’, ‘బ’, ‘భ’ అన్నప్పుడల్లా గాలి తగిలి ఢామ్మంటుంది. నోటికి సూటిగా కాకుండా కాస్త వారగా పెట్టుకుంటే ఆ బాధ తగ్గుతుంది. గాలి వీచే చోట మైకు మీద నురగ తొడుగు వెయ్యాలి. అది లేకపోతే పలుచటి గుడ్డ చుట్టినా చాలావరకు పని నడుస్తుంది. ఎవరింటికైనా వెళ్తే ఫ్యాను ఆపమని మొహమాటం లేకుండా అడగాలి. చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకోకుండా రికార్డు చెయ్యకూడదు. మన చెవి అక్కర్లేని చప్పుళ్లను తనంతట తానే వదిలేస్తుంది, మైకుకి ఆ తెలివి లేదు! మాటలన్నీ అయ్యాక అందరూ నోరు మూసుకుని అర నిమిషం ఆ చోటి నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేసుకోవాలి. తర్వాత కంప్యూటర్ మీద కత్తిరింపులు చేసేటప్పుడు అతుకులు కనబడకుండా కప్పడానికి అదే పనికొస్తుంది. ఎడిటింగ్‌కి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ‘ఆడాసిటీ’ ఉచితంగానే దొరుకుతుంది.

ఇవన్నీ వారం పది రోజుల్లో వచ్చేస్తాయి. రానిది భాష.

మైకు ఆన్ కాగానే ఏమవుతుందో ఏమో... అప్పటిదాకా చక్కగా మాట్లాడుతున్న పిల్ల ఉన్నట్టుండి వార్తలు చదివే గొంతులోకి మారిపోతుంది. ‘ఆకాశం మేఘావృతమై ఉన్నందున రైతు సోదరులు తగు జాగ్రత్తలు తీసుకోవలసిందిగా...’ అని మొదలుపెడుతుంది. మన పిల్లల తప్పేం లేదు. రేడియో అంటే అలా మాట్లాడాలని డెబ్బయ్యేళ్లుగా విని ఉన్నాం. ‘మొగులైంది, వడ్లు ఆరబోసినోళ్లు జర చూసుకోండి’ అని ఇంట్లో అన్నట్టే అనడానికి ఎంత ధైర్యం కావాలో! మన మాట కూడా రేడియోకి పనికొస్తుందని నమ్మకం కుదరాలి. అది పాఠం చెబితే వచ్చేది కాదు. మంచి శిక్షకులు అందుకే ఒక పని చేస్తారు. రికార్డు చేసినదాన్ని ఊళ్లోకి తీసుకెళ్లి అరుగు మీద వినిపిస్తారు. ఆ మేఘావృతానికి ముసలమ్మలు నవ్వుతారు. మొగులుకి నవ్వరు, లేచి వడ్లు చూసుకోడానికి పోతారు. కేరళలోని వయనాడ్‌లో ‘రేడియో మట్టొలి’ అక్కడి ఆదివాసుల భాషల్లోనే కార్యక్రమాలు చేసింది. తమ భాష పెట్టెలోంచి వినబడితే ఆ ఇళ్లలో ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇంకో కష్టమైన పాఠం, ఎవరి దగ్గరికి మైకు తీసుకెళ్లాలన్నది. కొత్త వలంటీరు మొదటి ఇంటర్వ్యూ ఎవరితో చేస్తారు? సర్పంచితోనో, హెడ్మాస్టరుతోనో, ఊరి డాక్టరుతోనో. ఊరి చివరి వాడకు వెళ్లాలన్న ఆలోచన చాలామందికి రెండో వారంలోగానీ రాదు. కొందరికి ఆ గడప ఎక్కడానికి ఇంట్లోంచి అభ్యంతరం కూడా వస్తుంది. రేడియో శిక్షణ అని వెళ్తే అది కాస్తా కులం మీద చర్చ అయి కూర్చుంటుంది. అలా కూర్చోకపోతే ఆ శిక్షణలో ఏదో తక్కువైందని అనుమానించాలి.

ఆడవాళ్లకు ఇంకో తిప్పలు. ‘పది రోజుల శిక్షణ, ఢిల్లీలో’ అంటే చంటిపిల్ల తల్లికీ, గేదె ఉన్నావిడకూ కుదరదు. ఇంట్లో ఒప్పుకోరు. దాంతో శిక్షణలకు వెళ్లి సర్టిఫికెట్లు తెచ్చుకునేది మగపిల్లలవుతారు, ఊళ్లో ఉండి రోజూ పనిచేసేది ఆడపిల్లలవుతారు. శిక్షణే స్టేషన్‌కు నడిచి రావాలన్న మాట ఇందుకే వచ్చింది. శిక్షకుడు వచ్చి అక్కడే వారం ఉంటే, వాళ్ల మైకులతో, వాళ్ల కరెంటు కోతల మధ్య, వాళ్ల కంప్యూటర్ మీదే నేర్పుతాడు. పట్నంలో ఏసీ గదిలో కొత్త మిక్సర్ మీద నేర్చుకున్నది ఇంటికొచ్చాక సగం పనికిరాదు.

నేర్చుకున్నాక ఎగిరిపోతే?

ఏ స్టేషన్ మేనేజరునైనా కదిపి చూడండి, మొదట చెప్పుకునే బాధ డబ్బు కాదు. మనుషులు! ఏడాది కష్టపడి ఒక అమ్మాయిని తయారుచేస్తే పెళ్లయి వేరే ఊరు వెళ్లిపోతుంది. కుర్రాడికి ఎడిటింగ్ చెయ్యి తిరగ్గానే పట్నంలో స్టూడియో ఉద్యోగం వస్తుంది. వాళ్లను తప్పు పట్టలేం. వాళ్ల బతుకు బాగుపడిందని సంతోషించాలి కూడా. కానీ రేపు సాయంత్రం కార్యక్రమం ఎవరు చేస్తారు?

దీనికి అనుభవం మీద కొన్ని ఉపాయాలు దొరికాయి. ముగ్గురు కావాలంటే పదిమందికి నేర్పాలి. ఏ పనికైనా ఇద్దరుండాలి, ఒకరు పాత, ఒకరు కొత్త. ట్రాన్స్‌మిటర్ ఆన్ చేసే వరస, ఫైళ్లకు పేర్లు పెట్టే పద్ధతి, ఉరుములొస్తే ముందు ఏ ప్లగ్గు పీకాలన్నది గోడమీద పెద్దక్షరాలతో రాసి అంటించాలి. ఇవేవీ గొప్ప సిద్ధాంతాలు కావు. కానీ ఆ కాగితం గోడమీద లేని చోట ఒక్క మనిషి సెలవు పెడితే రేడియో మూగపోతుంది.

అసలు ‘వలంటీర్’ అన్న మాటతోనే పేచీ ఉంది. చదువుకున్నవాళ్లకు ఆదివారం రెండు గంటలు ఉచితంగా పనిచేయడం సేవ. కూలికి వెళ్లే ఆవిడ ఒక పూట రికార్డింగ్‌కి వస్తే ఆ పూట కూలి పోతుంది. ఆవిడను ‘స్వచ్ఛందంగా’ రమ్మనడం ఏ న్యాయం? పేదవాళ్ల రేడియో పేదవాళ్ల ఉచిత శ్రమ మీద నడవాలనుకోవడం సరికాదు. కనీసం పోయిన కూలి, బస్సు చార్జీ ఇవ్వాలి. ఆ ఖర్చు లెక్కల్లో రాయని నిర్వాహకులు ఆరు నెలల తర్వాత వలంటీర్లు రావడం లేదని దిగులు పడటంలో అర్థం లేదు.

మేనేజరు మెడకు ఎన్ని ముళ్లో!

మేనేజరు శిక్షణ ఇంకో లోకం. అందులో పాటలుండవు, కాగితాలుంటాయి. దరఖాస్తు పెట్టే సంస్థ రిజిస్టరై, కనీసం మూడేళ్లు సేవ చేసి ఉండాలి. దరఖాస్తును స్క్రీనింగ్ కమిటీ చూస్తుంది. తర్వాత ఉద్దేశ పత్రం వస్తుంది. తరంగాల కేటాయింపు ఒక శాఖ, టవర్ ఎత్తుకి అనుమతి ఇంకో కమిటీ, ప్రభుత్వంతో ఒప్పందం మరోచోట, ఆఖరికి వైర్‌లెస్ లైసెన్సు. తొలి రోజుల్లో ఇవన్నీ దాటేసరికి ఏళ్లు పట్టేవి. టవర్ 30 మీటర్లకు మించకూడదు. ప్రసార శక్తి 100 వాట్లు దాటకూడదు. ఆ లెక్కన మాట పది, పన్నెండు కిలోమీటర్లు వెళ్తుంది, నేల ఎత్తుపల్లాలను బట్టి అటూ ఇటూ. ప్రసారం చేసిన ప్రతి కార్యక్రమాన్నీ మూడు నెలలపాటు దాచి ఉంచాలి.

వార్తల సంగతి మరీ విచిత్రం. ప్రైవేటు టీవీల్లో రోజంతా అరుచుకోవచ్చు, కమ్యూనిటీ రేడియో మాత్రం సొంతంగా వార్తలూ రాజకీయ వ్యాఖ్యలూ చెయ్యకూడదని విధానంలో రాశారు. వాతావరణం, మార్కెట్ ధరలు, పరీక్షల సమాచారం, కరెంటు నీళ్ల సంగతులు చెప్పొచ్చు. మరి చెరువు కట్ట తెగిందన్నది వార్తా, సమాచారమా? రేషను బియ్యం రాలేదని ఒకావిడ అంటే అది ఏ ఖాతాలోకి వస్తుంది? మేనేజరుకి రోజూ ఇదే ధర్మసందేహం. పుస్తకంలో జవాబు ఉండదు. అలాంటప్పుడు ఏం చేస్తారు? ఇంకో స్టేషన్ మేనేజరుకి ఫోన్ చేస్తారు!

‘నెట్‌వర్క్’ అంటే పెద్ద మాటలాగుంటుంది గానీ, మొదలయ్యేది ఆ ఫోన్ దగ్గరే.

ఒక్కటై నిలబడితే...

ఈ పరిచయాలు ఊరికే పుట్టవు. మొదటి రోజుల్లో కేంద్ర ప్రసార శాఖ, కామన్వెల్త్ ఎడ్యుకేషనల్ మీడియా సెంటర్ ఫర్ ఏసియా (సెమ్కా) కలిసి రాష్ట్రాల్లో అవగాహన సదస్సులు పెట్టాయి. ఉద్యమకారులూ అధ్యాపకులూ స్టేషన్లవాళ్లూ కలిసి కమ్యూనిటీ రేడియో ఫోరం ఏర్పాటు చేసుకున్నారు. తర్వాత స్టేషన్లు నడిపేవాళ్లదే కమ్యూనిటీ రేడియో అసోసియేషన్ వచ్చింది. ప్రభుత్వం కూడా ఢిల్లీలో సమ్మేళనాలు జరుపుతూ వచ్చింది. సమ్మేళనాల్లో వేదిక మీది ఉపన్యాసాల కన్నా భోజనాల దగ్గర జరిగే మాటలు ఎక్కువ పనికొస్తాయి. ట్రాన్స్‌మిటర్ కాలిపోతే ఎవరు బాగుచేస్తారు, పాడైన కేబుల్ ఎక్కడ దొరుకుతుంది, ఏ ప్రకటన డబ్బులు ఎన్నాళ్లకొచ్చాయి... ఇవన్నీ అన్నం తింటూ తెలుసుకునేవే.

ఆ పరిచయాల బలం 2012లో బయటపడింది. స్పెక్ట్రం వాడకానికి ఏడాదికి 19,700 రూపాయలున్న రుసుమును ఒక్కసారిగా 91,000కు పెంచారు. పట్నం ఎఫ్‌ఎంలకు అది టీఖర్చు. పల్లె రేడియోకి ఒక మనిషి ఏడాది జీతం! దేశంలో ఎక్కడెక్కడో ఉన్న చిన్న స్టేషన్లు ఒక్కగొంతుతో నిరసన తెలిపాయి. ఆ ఏడాదే పెంపును వెనక్కి తీసుకున్నారు. ఎవరికి వారే ఉత్తరాలు రాసుకుని ఉంటే ఏమయ్యేదో!

ఈ రంగంలో మన హైదరాబాద్‌కి ఒక ప్రత్యేక స్థానముంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో 2011లో కమ్యూనిటీ మీడియా మీద యునెస్కో పీఠం ఏర్పడింది. దాన్ని నడిపిన వినోద్ పావరాల, కాంచన్ మాలిక్ అంతకుముందే, 2007లో, మన దేశంలో కమ్యూనిటీ రేడియో పోరాటం మీద పుస్తకం రాశారు. ఆ పీఠం నుంచి వచ్చినవాటిల్లో నాకు బాగా నచ్చింది, స్టేషన్లు తమను తాము పరీక్షించుకోడానికి తయారుచేసిన ఒక కరదీపిక. మీ స్టేషన్‌లో వలంటీర్లకు మాట చెల్లుతుందా? శ్రోతలు ఫిర్యాదు చేస్తే ఎవరు వింటారు? వేరే స్టేషన్లతో కార్యక్రమాలు పంచుకుంటున్నారా? ఆదాయం ఎలా? ఇలాంటి ప్రశ్నలు. ముందు స్టేషన్‌వాళ్లే జవాబులు రాసుకుంటారు. తర్వాత ఇంకో స్టేషన్ వాళ్లు వచ్చి, ఉండి, చూసి, మాట్లాడతారు. వచ్చేది ఇన్‌స్పెక్టర్ కాదు, సాటి మనిషి. తన స్టేషన్లోనూ అవే లొసుగులున్నవాడు. అందుకే దాచుకోవాల్సిన పని ఉండదు. అత్తగారింటికి వచ్చిన కొత్తకోడలిలా కాకుండా, తోడికోడలి దగ్గర గోడు వెళ్లబోసుకున్నట్టు చెప్పుకోవచ్చు.

ఒకరి నుంచి ఒకరు నేర్చుకునేవి ఇంకా ఉన్నాయి. గ్రామ్‌వాణి అనే సంస్థ ‘గ్రిన్స్’ అని ఒక సాఫ్ట్‌వేర్ చేసింది. కార్యక్రమాలను వరసగా పేర్చడం, శ్రోతల ఫోన్లు తీసుకోవడం, వాటిని దాచిపెట్టడం అన్నీ ఒకే కంప్యూటర్‌లో అయిపోతాయి. తమిళనాడులోని పాంబన్‌లో మత్స్యకారుల కోసం 2016లో వచ్చిన ‘కడల్ ఓసై’ రేడియో సముద్రం తీరు ఎలా ఉందో వేటకు వెళ్లేవాళ్లకు చెబుతూ వచ్చింది. మన తీరానికి ఇలాంటివి ఎన్ని కావాలో ప్రత్యేకంగా చెప్పాలా!

పక్కనే నేపాల్ సంగతి చూడండి. దక్షిణాసియాలో తొలి స్వతంత్ర సామాజిక రేడియో ‘సాగర్‌మాథా’ 1997లో ఖాట్మండులో మొదలైంది. 2005లో రాజు అధికారం చేజిక్కించుకుని ఎఫ్‌ఎం రేడియోల్లో వార్తలు నిషేధించినప్పుడు, స్టేషన్లన్నీ కలిసి నిలబడ్డాయి. 2015 భూకంపంలో స్టూడియోలు కూలితే ఆరుబయట గుడారాల్లోంచే చాలా రేడియోలు మాట్లాడాయి. అప్పటికప్పుడు ఎవరూ అది నేర్పలేదు. ఎన్నో ఏళ్లుగా ఒకరినొకరు ఎరిగి ఉండటం వల్ల ఎవరి దగ్గర జనరేటర్ ఉందో, ఎవరి దగ్గర మనుషులున్నారో తెలుసు. 1983లో మాంట్రియల్‌లో పుట్టిన ప్రపంచ సామాజిక రేడియోల సంఘం ‘అమార్క్’ పనిచేసేదీ ఈ నమ్మకం మీదే.

పన్నెండు నిమిషాల కోసం నాలుగేళ్లు

ఇక డబ్బు. 2006 విధానంలో గంటకు 5 నిమిషాలు ప్రకటనలు వేసుకోవచ్చన్నారు. తర్వాత అది 7 నిమిషాలైంది. 2020 మే నెలలో, కరోనా రోజుల్లో, అప్పటి ప్రసార శాఖ మంత్రి ప్రకాశ్ జావడేకర్ దేశంలోని కమ్యూనిటీ రేడియోలన్నింటిలో ఒకేసారి మాట్లాడుతూ దాన్ని 12 నిమిషాలకు పెంచాలని చూస్తున్నామన్నారు. చేతికి వచ్చింది 2024 ఫిబ్రవరిలో! చెన్నైలో జరిగిన దక్షిణాది సమ్మేళనంలో, కమ్యూనిటీ రేడియోకి ఇరవయ్యేళ్లు నిండిన సందర్భంగా, కొత్త మార్గదర్శకాలు ప్రకటించారు. ప్రభుత్వ ప్రకటనలకు పది సెకన్లకు 52 రూపాయలున్న ధర 74 అయింది.

పెంచారు, సంతోషం. కానీ మాచ్‌నూర్ లాంటి ఊళ్లో పన్నెండు నిమిషాల ప్రకటనలు ఇచ్చేదెవరు? ఎరువుల దుకాణం, బట్టల కొట్టు, ప్రైవేటు బడి... ఆపైన? పాత విత్తనాలు దాచుకోమని సాయంత్రమంతా చెప్పి, మధ్యలో సంకరజాతి విత్తనాల ప్రకటన వెయ్యగలరా? మేనేజర్ల శిక్షణలో ఆదాయం గురించి చెప్పే క్లాసు రాగానే గది వేడెక్కుతుంది. పెళ్లిరోజు శుభాకాంక్షలు చదివి యాభయ్యో వందో తీసుకుందామనేవారు కొందరు. శ్రోతల దగ్గర ఏటా తలా ఇన్ని గింజలు పోగుచేద్దామనేవారు కొందరు. సంస్థల ప్రాజెక్టుల కింద కార్యక్రమాలు చేస్తే డబ్బొస్తుందనేవారు చాలామంది. ఆ మూడో దారిలో ఒక ప్రమాదముంది. ఆరోగ్యం మీద పాతిక భాగాలు, ఓటు హక్కు మీద పదమూడు భాగాలు... ఢిల్లీలో తయారైన అంశాలకు ఊళ్లో గొంతులు అద్దెకివ్వడమే మిగులుతుంది. నెల తిరిగేసరికి కరెంటు బిల్లు కట్టాలి కాబట్టి వద్దనడం కష్టం. దీనిమీద ఏ సమ్మేళనంలోనూ తెగిన మాటంటూ లేదు.

మీ ఊళ్లో కూడా ఒక రేడియో పెడితే బాగుండునని అనిపిస్తోందా? దరఖాస్తు సంగతి తర్వాత చూడొచ్చు. ముందు దగ్గర్లో ఉన్న స్టేషన్‌కి వెళ్లి ఒక సాయంత్రం కూర్చోండి. అక్కడి పిల్లలు మీ చేతికి మైకు ఇవ్వకముందే, చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలిస్తారు. అన్నట్టు, ఇందాకటి రికార్డింగ్ చెరిపెయ్యలేదు కదా? పక్కింటావిడ దగ్గరికి మళ్లీ వెళ్లి, ఈసారి ఫ్యాను ఆపి, కందుల సంగతి పూర్తిగా చెప్పనివ్వండి.